అక్కర్లేదు అంటే కూడదు

మన చీమలదిన్నె మున్సిపాలిటీ ఆఫీసులో గేదెకి కూడా రంగు పూశారనీ, కమిటీ మెంబరు ఒకాయన బనియన్‌తో గోడ దూకి పారిపోయాడనీ రెండు మూడు గ్రూపుల్లో ఫార్వార్డులు తిరుగుతున్నాయి. ఆ కమిటీ మెంబరుని నేనే. పేరు పేరయ్య. గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. తెలిసీ తెలియనివాళ్లు నోటికొచ్చినట్టు రాస్తుంటే చూస్తూ ఊరుకోలేక, జరిగింది జరిగినట్టు చెబుదామని ఫోను పట్టుకున్నాను. కొంచెం పొడుగవుతుంది. బండి నడుపుతూ చదవకండి.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ని కాదు. ఇంటర్ గుమ్మం దాకా వెళ్లి, లోపల ఇంగ్లీషు కూర్చుని ఉండటం చూసి వెనక్కి వచ్చేశాను. కానీ కొత్త సంగతులంటే నాకు ప్రాణం. ఫోన్లో ఏది కనబడితే అది చదువుతాను, చదివింది పదిమందికీ పంపుతాను. ఆ గుణం చూసే మన కమిషనర్ వాచస్పతి గారు నన్ను మున్సిపాలిటీ సాంకేతిక సంస్కరణల కమిటీలో పౌర ప్రతినిధిగా, అదనపు సభ్యుడిగా వేశారు. "చదువుకున్నవాళ్లని వేస్తే ప్రశ్నలడుగుతారు పేరయ్య గారూ" అన్నారు. నా మీద అంత నమ్మకం.

మన ఊళ్లో కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది. ఒక్కోసారి అదీ రాదు. ఏ వేళకొస్తుందో చెప్పలేం. ఫిట్టర్ ఇస్రాయేలు సైకిలు మీద వచ్చి ఏ వీధి వాల్వు తిప్పితే ఆ వీధికి నీళ్లు. ఆ కాసేపట్లో ఇంట్లో మనిషి ఉంటే బిందెలు నిండినట్టు, లేకపోతే లేదు. మా ఆవిడ భూలక్ష్మి బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడుపుతుంది. నా సైకిల్ షాపు మూతపడ్డాక ఇల్లు నడుస్తున్నది ఆ బండి మీదే. తను బండి దగ్గర ఉండగా నీళ్లొచ్చి వెళ్లిపోతే ఇంట్లో పప్పు నానదు. పప్పు నానకపోతే మర్నాడు బండి లేదు. నువ్వు పట్టొచ్చు కదయ్యా అంటారేమో. నేను కమిటీలో ఉంటాను.

ఇది చూసి చూసి, మా వీధిలో ఉండే జరీనా ఒక పని చేసింది. ఆ అమ్మాయి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. 'కుళాయి కబురు' అని ఒక సాఫ్ట్‌వేర్ రాసింది. ఇస్రాయేలు వాల్వు తిప్పి, తన ఫోన్లో ఆ వీధి పేరు మీద నొక్కితే చాలు, ఆ వీధిలో అందరి ఫోన్లూ ఒకేసారి మోగుతాయి: నీళ్లు వదిలారు. అంతే. దాన్ని మున్సిపాలిటీకి ఊరికే ఇస్తానంది.

"ఇది ఓపెన్ సోర్స్ బాబాయ్. మూలం అందరికీ కనపడేట్టు పెట్టా" అని మా అరుగు మీద కూర్చుని చెప్పింది.

"మూలన పెట్టేదానికి ఇంత కష్టపడ్డవేందే?" అని భూలక్ష్మి లోపల్నుంచి కేకేసింది.

"మూల కాదు పిన్నీ, మూలం. నువ్వు రుబ్బే మినప్పప్పు లాంటిదనుకో. ఆ పప్పుని కంప్యూటర్‌లో వేసి రుబ్బితే పిండి అవుద్ది. ఆ రుబ్బడాన్ని బిల్డ్ చేయడం అంటారు. అప్పుడే అది పనికొచ్చేది."

"మరి రుబ్బిన పిండే ఇయ్యొచ్చుగా వాళ్లకి?"

"ఇస్తానన్నా. కమిషనర్ గారు వద్దన్నారు. ఎవరో రుబ్బిన పిండి మాకెందుకు, మా ఆఫీసులో మా కళ్ల ముందే రుబ్బాలి అన్నారు."

మామూలుగా ఇలాంటివి రుబ్బాలంటే ముందు కంప్యూటర్‌లో అదెక్కించు, ఇదెక్కించు అని సగం రోజు పడుతుందట. జరీనా అవేవీ లేకుండా రాసింది. మున్సిపాలిటీవాళ్లు భయపడకుండా ఉండాలని రెండు ముక్కలు తెలుగులో రాసి ఇచ్చింది: 'దీన్ని మూలం నుంచే నిర్మించుకోవచ్చు. అదనపు ఏర్పాట్లు అక్కర్లేదు.'

సరిగ్గా ఆ వారమే అమ్మాయిల హాస్టల్ వార్డెనమ్మ భూలక్ష్మి బండి దగ్గర ఇడ్లీ తిని, ఇంకో ప్లేటు తిని, వచ్చే సోమవారం నుంచి హాస్టల్ మొత్తానికి పొద్దున టిఫిన్ నువ్వే పంపమ్మా అంది. ఒక్క పూట తప్పినా ఇంకొకరిని చూసుకుంటామని కూడా అంది. భూలక్ష్మి ఆ సాయంత్రం కొత్త గ్రైండర్ లాగా గిర్రున తిరిగింది. "నీళ్ల కబురు ముందే తెలిస్తే చాలు, ఇంక మనకి దిగుల్లేదు" అంది. ఎప్పుడు పెడతారు, ఎప్పుడు పెడతారు అని నన్ను రోజూ అడిగేది.

కమిషనర్ గారు అప్పుడే రాజధానిలో ఓపెన్ సోర్సు మీద శిక్షణ పొంది వచ్చారు. వచ్చిన రోజే తన గది తలుపు రెక్కలు ఊడదీయించారు, ఓపెన్‌గా ఉండాలని. జరీనా రాసిచ్చిన రెండు ముక్కలూ చూసి, వాటిని ప్రభుత్వ భాషలోకి మార్చి సర్క్యులర్ వేశారు. అది నా దగ్గర ఫొటో ఉంది:

'ఇందుమూలముగా సమస్త విభాగముల సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఇకమీదట పురపాలక సంఘమునందు ఏ పనినైనను మూలము నుండియే నిర్మింపవలెను. అదనపు ఏర్పాట్లు ఎట్టి పరిస్థితులలోను చేయరాదు.'

"చూశారా పేరయ్య గారూ" అన్నారు కమిషనర్ గారు నాకు చూపిస్తూ. "ప్రపంచం ఇవాళ ఓపెన్ సోర్సు అంటోంది. మన ప్రభుత్వం మొదట్నుంచీ అదే. మన ప్రతి కాగితమూ 'ఇందుమూలముగా' అనే కదా మొదలయ్యేది!"

నాకు ఒళ్లు గగుర్పొడిచింది. వెంటనే గ్రూపులో పెట్టాను.

నిర్మాణం కోసం పెట్టిన మొదటి మీటింగుకి జరీనా కాలేజీకి సెలవు పెట్టి వచ్చింది. "ఒక్క ముక్క టైపు చేసి ఎంటర్ నొక్కితే అయిపోద్ది సార్. నిమిషం పట్టదు" అంది.

డీఈ జగన్నాథం గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన మున్సిపాలిటీలో రోడ్లు, కాలవలు, ట్యాంకులు కట్టించే ఇంజనీరు. "ఆగమ్మా. నిర్మాణం అన్నారు. నిర్మాణమంటే అది ఇంజనీరింగ్ విభాగం పరిధి. మట్టి పరీక్ష జరగాలి."

"మట్టెందుకు సార్?"

"నీ సాఫ్ట్‌వేర్ బరువెంత?"

"బరువేం ఉండదు సార్."

"బరువు లేని కట్టడం గాలివానకి నిలవదు. పునాది లోతు పెంచాలి" అని డీఈ గారు రాసుకున్నారు.

కమిషనర్ గారు మాత్రం గదంతా కలయజూస్తున్నారు. "సర్క్యులర్ ప్రకారం అదనపు ఏర్పాట్లు ఏమీ ఉండరాదు. ఆ మూల చప్పుడు చేస్తున్న పెట్టె ఏమిటి?"

"యూపీఎస్ సార్. కరెంటు పోతే..."

"కరెంటు పోతుందని ముందే ఊహించి పెట్టుకున్నదాన్ని అదనపు ఏర్పాటు అనక ఏమంటారు? తీసేయండి."

యూపీఎస్ వెళ్లింది. ఫ్యాను వెళ్లింది. కుర్చీలు వెళ్లాయి, మనిషికి కూర్చోవడానికి దేవుడిచ్చిన ఏర్పాటు ఉండనే ఉంది కాబట్టి. అందరం నేల మీద బాసింపట్టు వేసుకున్నాం. డీఈ గారిని మాత్రం ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ ఇద్దరూ అదనపు ఏర్పాటా కాదా అని కాసేపు చర్చ జరిగింది.

చివరికి కమిషనర్ గారి చూపు కీబోర్డు మీద పడింది. "ఈ మీటల పలక కంప్యూటర్‌తోపాటు పుట్టిందా, తర్వాత వచ్చి చేరిందా?"

"వైరుతో తగిలిస్తాం సార్" అంది జరీనా.

"తగిలించేదే అదనం. తీసేయండి."

"కీబోర్డు లేకపోతే ఎంటర్ ఎట్టా నొక్కేది సార్?"

కమిషనర్ గారు జాలిగా నవ్వారు. "ఎంటర్ అంటే ప్రవేశించడమే కదమ్మా. దానికి మీట ఎందుకు?" అని లేచి, బయటికి వెళ్లి, తలుపు రెక్కలు లేని గుమ్మంలోంచి కుడికాలు ముందు పెట్టి లోపలికి ప్రవేశించారు. అందరం చప్పట్లు కొట్టాం. అందరం కంప్యూటర్ వైపు చూశాం. అందులో ఏమీ కదల్లేదు. బహుశా మట్టి పరీక్ష కాలేదని అయ్యుంటుందన్నారు డీఈ గారు.

బయటికొచ్చాక జరీనా నా చెయ్యి పట్టుకుంది. "బాబాయ్, నేను రాసింది అక్కర్లేదు అని. కూడదు అని కాదు. లేకపోయినా పర్లేదు అని చెప్పా, ఉంటే తప్పని చెప్పలా. నువ్వన్నా చెప్పరాదా?"

"పెద్దవాళ్లు ఆలోచించే చేస్తారులేమ్మా" అన్నాను. నేను అదనపు సభ్యుణ్ని. ఎక్కువ మాట్లాడకూడదు.

సర్క్యులర్ అన్ని విభాగాలకీ కదా వెళ్లింది. క్యాంటీన్‌లో పాల ప్యాకెట్లు కూడదన్నారు, మూలం కావాలన్నారు. అందుకని ఆవరణలో ఒక గేదెను కట్టేశారు. టీ అడిగినవాడు గ్లాసు పట్టుకుని గేదె దగ్గరికి వెళ్లి, అది ఒప్పుకుంటే పాలు తెచ్చుకోవాలి. పారిశుధ్య విభాగానికి చీపుర్లు ఆగిపోయి ఈత మట్టలొచ్చాయి. చీపురు అల్లడం అయ్యేలోపు చెత్త బండి వెళ్లిపోయేది. జనన ధ్రువపత్రాల కౌంటర్లో మా పక్కింటి కుర్రాడు వాళ్ల నాన్నని తీసుకెళ్తే, ఈయన మూలం కాదు, ఈయనకీ ఒక మూలం ఉంటుంది కదా, వెనక్కి వెళ్లండి అన్నారు. వాళ్ల తాతని తీసుకెళ్లాడు. తాతగారు చెవులు వినబడక, పింఛను ఇస్తున్నారనుకుని సంతకం పెట్టొచ్చారు. ఇస్రాయేలు సైకిలు కూడా తీసేసుకున్నారు, కాళ్లుండగా సైకిలు అదనపు ఏర్పాటే కాబట్టి. పాపం ఊరంతా నడుస్తున్నాడు.

"పేరయ్యన్నా, రేపు చెప్పులు కూడా లాక్కుంటారా?" అని దారిలో ఆపి అడిగాడు.

"సర్క్యులర్‌లో స్పష్టంగా లేదు. కమిటీలో అడుగుతా" అన్నాను.

నిజంగానే అడుగుదామని వెళ్లాను. కానీ ఆరోజు మీటింగు నీళ్ల మీదకి తిరిగింది. డీఈ గారు నేల మీద నుంచే చెయ్యెత్తి, "సభ్యులకు ఒక మౌలికమైన ప్రశ్న. మన ఊరి నీటికి మూలం ఏది?" అన్నారు.

"చెరువు" అన్నారందరూ.

"సరే. చెరువు నుంచి ఇంటి దాకా మనం వేసిన గొట్టాలు, వాల్వులు, కుళాయిలు. ఇవన్నీ ఏమవుతాయి?"

కమిషనర్ గారు కళ్లు మూసుకున్నారు. ఎవరికీ తట్టడం లేదు. నాకు తట్టింది. బళ్లో ఏనాడూ ముందు నాకు తట్టింది లేదు. "అదనపు ఏర్పాట్లు సార్!" అన్నాను.

కమిషనర్ గారు కళ్లు తెరిచి, "పౌర ప్రతినిధి అంటే ఇలా ఉండాలి" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఫొటో తీశారు. ఫొటో గ్రూపులో పెట్టాను. మధ్యాహ్నానికి ఊళ్లో వాల్వులన్నీ కట్టేశారు.

ఇంటికెళ్లేసరికి భూలక్ష్మి గుమ్మంలో కూర్చుని ఫోన్లో ఆ ఫొటోయే చూస్తోంది.

"ఏమయ్యా, ఈ పళ్లికిలించేది నువ్వేనా?"

"అవునే. నేనే చెప్పా జవాబు."

"ఇంతకీ నీళ్లు రావా ఇంక?"

"వస్తయ్. మూలం దగ్గర ఉంటయ్. చెరువు కాడికి పోయి తెచ్చుకోవడమే. ఎవరైనా పోవచ్చు. ఓపెన్."

భూలక్ష్మి అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ఆటో మాట్లాడుకుని చెరువుకి వెళ్లి, బండికి సరిపడా నాలుగు బిందెలు తెచ్చుకుంది. వచ్చి చీర చెంగుతో ముఖం తుడుచుకుని నెమ్మదిగా చెప్పింది. "ఈ నీళ్లు బండికి వస్తయ్. హాస్టల్‌కి రావు. ఆదివారం మధ్యాహ్నానికి కుళాయి వస్తే పప్పు నానబోస్తా, రాత్రికి రుబ్బుతా. రాకపోతే సోమవారం ఇడ్లీ లేదు. ఇడ్లీ లేకపోతే హాస్టల్ లేదు. నీ చప్పట్లు నానబోసి రుబ్బమంటావా?"

"ఆదివారమే నిర్మాణానికి ముహూర్తం పెట్టారు" అన్నాను. "అది అయిపోతే అన్నీ సర్దుకుంటయ్."

ఆదివారం ముహూర్తం ఎందుకంటే, మూలం నుంచి కట్టేదానికి మూలా నక్షత్రమే ఉండాలని కమిషనర్ గారు పట్టుబట్టారు. మూలకి శాంతి చేయించాలి కదండీ అని పంతులుగారు అంటే, శాంతి అదనపు ఏర్పాటు అన్నారు. ఆరోజు పొద్దున టిఫిన్ సరఫరా చేయమని మా భూలక్ష్మికే చెప్పారు. సర్క్యులర్‌కి లోబడి చేయాలని కూడా చెప్పారు. సర్క్యులర్‌ను ఆవిడ నా చేత రెండుసార్లు చదివించుకుని, "సరే" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు.

ఆదివారం వచ్చింది. హాల్లో ఎక్కువమంది మా వీధి ఆడవాళ్లే. కుళాయి వదులుతారని ఎవరో చెబితే వచ్చారు. షామియానా లేదు, మైకు లేదు, నేల మీద కూర్చున్నారు. ముఖ్య అతిథిగా రీజనల్ డైరెక్టర్ గారు వచ్చారు. పెద్ద వయసు, షుగర్ మనిషి. కారులోనే మాత్ర వేసుకున్నారట. దిగుతూనే, "ముందు టిఫిన్ కానిద్దాం" అన్నారు.

కమిషనర్ గారు సైగ చేశారు. భూలక్ష్మి తోపుడు బండి నెట్టుకుంటూ వచ్చి ఒక్కొక్కటే దించింది. ఒక వడ్ల బస్తా. వేళ్లతో సహా పీకిన మినప చెట్ల కట్ట, కాయలు కాయలుగానే ఉన్నాయి. కుండీలో మిరప మొక్క. పీచు తీయని కొబ్బరికాయ. ఒక సీసాలో సముద్రపు నీళ్లు.

"ఇదేమిటమ్మా?" అన్నారు డైరెక్టర్ గారు.

"ఇడ్లీ, చట్నీ సార్."

"ఇడ్లీయా!"

"ఓపెన్ ఇడ్లీ సార్. అంతా బయటికే కనపడతంది, దాచింది ఏం లేదు. మీ కళ్ల ముందే మూలం నుంచి నిర్మించుకోవచ్చు."

"ఆ సీసా?"

"ఉప్పు సార్."

"మరి పొయ్యి ఏదీ?" అన్నారు డీఈ గారు.

"అది అదనపు ఏర్పాటు కదా సార్."

"కనీసం నీళ్లైనా?"

"చెరువు కాడ ఉండయ్ సార్. ఎవరైనా పోవచ్చంట. మా ఆయన చెప్పాడు" అని నా వైపు చూసింది. ఆడవాళ్లందరూ నా వైపు చూశారు. నేను గుమ్మం బయటున్న గేదె వైపు చూశాను.

డైరెక్టర్ గారికి చెమటలు పట్టాయి, చేతులు వణకడం మొదలైంది. జరీనా గబగబా తన బ్యాగులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసింది. "సార్, అది రెడీమేడ్..." అని కమిషనర్ గారు అడ్డం పడబోతే, డైరెక్టర్ గారు ఆ ప్యాకెట్‌ని లాక్కుని కాగితం కూడా సరిగ్గా విప్పకుండా నాలుగు బిస్కెట్లు నోట్లో వేసుకున్నారు. కాస్త తేరుకుని, "ఏదీ ఆ సర్క్యులర్?" అన్నారు.

చదివారు. మళ్లీ చదివారు. "ఇది ఎవరు రాశారు?"

"మూలం నేను రాశాను సార్" అంది జరీనా. "అదనపు ఏర్పాట్లు అక్కర్లేదు అని రాశాను. అక్కర్లేదు అంటే కూడదు అని కాదు సార్. అవి లేకపోయినా ఇది పని చేసిద్ది, అంతే."

అందరూ కమిషనర్ గారి వైపు తిరిగారు. ఆయన ఏమాత్రం తొణకలేదు. "ప్రభుత్వ భాషలో అక్కర్లేదు అనే మాట లేదమ్మా. ఉంటే వలెను. లేకపోతే రాదు. మధ్యలో నీ ఇష్టం అనేదానికి మా దగ్గర ముద్ర లేదు" అన్నారు.

నిజమే అనిపించింది నాకు. ఇన్నేళ్లలో నేను ఏ ఆఫీసులోనూ ఆ మాట వినలేదు.

"రద్దు చేసేయండి" అన్నారు డైరెక్టర్ గారు.

కమిషనర్ గారు ఆయన చెవి దగ్గరికి వంగారు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినబడింది. ఈ సర్క్యులర్ అన్ని మున్సిపాలిటీలకీ ఆదర్శమని పైకి రిపోర్టు వెళ్లిపోయిందట. ఆ రిపోర్టు మీద సంతకం డైరెక్టర్ గారిదేనట.

డైరెక్టర్ గారు ఇంకో బిస్కెట్ నమిలారు. తర్వాత లేచి నిలబడి, గొంతు సవరించుకుని ప్రకటించారు. "సర్క్యులర్‌లో దోషం లేదు. అన్వయంలో లోపం జరిగింది. మూలమని మనం దేనిని ప్రకటిస్తామో అదే మూలం. మూలమైనది అదనపు ఏర్పాటు కాజాలదు. కావున అవసరమైన సమస్త వస్తువులను తక్షణమే మూలముగా ప్రకటించవలెను."

ఎంత తెలివి! అందుకే ఆయన డైరెక్టర్ అయ్యారు.

ఇస్రాయేలుకి ఎర్ర రంగు డబ్బా, 'మూలం' అని కత్తిరించిన అట్టముక్క ఇచ్చారు. కుర్చీల మీద మూలం. ఫ్యాను రెక్కల మీద మూలం. యూపీఎస్ మీద, కీబోర్డు మీద మూలం. సైకిలు మీద ఇస్రాయేలు రెండుసార్లు వేసుకున్నాడు, దేనికైనా మంచిదని. గేదె కదలకుండా ఉంటే దానికీ వేశారు. భూలక్ష్మి బండి అడుగు అరలోంచి తీసిన పొయ్యికీ, ఇడ్లీ కుక్కర్‌కీ వేశాక, ఆవిడ ఆఫీసు క్యాన్ నీళ్లతో డైరెక్టర్ గారికి ఉప్మా చేసి పెట్టింది. వాల్వులూ గొట్టాలూ ఎక్కడివక్కడే మూలాలని కాగితం మీద ప్రకటించారు. మూలమైన వస్తువులు ఎవరూ ఎత్తుకుపోకుండా, 'మూలము ఆవరణ దాటరాదు' అని కమిషనర్ గారు ఒక ముక్క చేర్చారు.

అప్పుడు డీఈ గారికి నేను కనబడ్డాను. "ఈయన కమిటీలో అదనపు సభ్యుడు కదా. మరి ఈయన..."

నన్ను తీసేయడమా, ప్రకటించడమా? కమిషనర్ గారు చాలా సేపు ఆలోచించి, "ప్రకటించండి" అన్నారు.

"తప్పదు పేరయ్యన్నా, ఊపిరి బిగబట్టు" అని ఇస్రాయేలు నా తెల్ల చొక్కా మీద రొమ్ముకి అడ్డంగా వేశాడు: మూలం.

ఇక జరీనా కీబోర్డు ముందు కూర్చుంది. ఒక ముక్క టైపు చేసింది. ఎంటర్ నొక్కింది.

"అయిపోయింది సార్."

"ఏది?"

"నిర్మాణం."

కమిషనర్ గారి ముఖం వాడిపోయింది. "ఇంతేనా? పునాది, గోడలు, ఏదైనా పైకి లేవడం..." ఫొటోగ్రాఫర్ చూసుకోలేదంటే మళ్లీ చేయించారు. డైరెక్టర్ గారు కళ్లు మూసుకున్నారంటే ఇంకోసారి చేయించారు. ఎన్నిసార్లు నొక్కినా ఆ పిచ్చిది అంతే, గమ్మున అయిపోయేది.

జరీనా దాన్ని అక్కడున్నవాళ్ల ఫోన్లకి ఎక్కించాక, ఇస్రాయేలు గేట్ పాస్ రాయించుకుని సైకిలెక్కి మా వీధి వాల్వు తిప్పడానికి వెళ్లాడు. కమిషనర్ గారు ఉపన్యాసం మొదలుపెట్టారు. "ఇందుమూలముగా సభికులకు తెలియజేయడమేమనగా..." అన్నారో లేదో, హాల్లో ఆడవాళ్ల ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. నీళ్లు వదిలారు.

ఆడవాళ్లందరూ లేచారు. ఒక్క మాట లేదు, ఒక్క నమస్కారం లేదు. చెప్పులు వెతుక్కునే చప్పుడు, అంతే. హాలు ఖాళీ. భూలక్ష్మి కుక్కరెత్తుకుని గేటు దగ్గరికెళ్లింది. వాచ్‌మన్, "అమ్మా, మూలం ఆవరణ దాట..." అన్నాడు. ఆవిడ అతన్ని ఒక్క చూపు చూసింది. గేటు తెరుచుకుంది.

ఐదు నిమిషాలకి నా ఫోను మోగింది. "ఏమయ్యా, హాస్టల్‌కి కడిగిపెట్టిన డ్రమ్ము ఆ మూలనుంది. నేనొక్కదాన్నే కదిలించలేకపోతన్నా. సన్నగా వస్తంది, ఎప్పుడాగిద్దో తెలీదు. రా!"

గేటు దగ్గరికి పరుగెత్తాను. వాచ్‌మన్ నా రొమ్ము చదివాడు. "గేట్ పాస్ ఉండాలన్నా."

"ఎవరిస్తారు?"

"కమిషనర్ గారు."

కమిషనర్ గారు ఖాళీ కుర్చీలకి ఉపన్యాసం చెబుతున్నారు. ఇంకా 'కావున' దగ్గరికి కూడా రాలేదు. ఇంట్లో కుళాయి సన్నబడుతోంది. అప్పుడు తట్టింది నాకు, జీవితంలో రెండోసారి. మూలమని ప్రకటించింది దేన్ని? రంగు ఎక్కడుంది? చొక్కా మీద. చొక్కా ఆవరణ దాటకపోతే చాలు కదా. విప్పి, మడత పడకుండా నా కుర్చీకి తొడిగాను. ఈ సంగతి వాచ్‌మన్‌కి అర్థమయ్యేట్టు చెప్పాలంటే మళ్లీ కమిటీ కూర్చోవాలి. అంత వ్యవధి లేదు. గేదె వైపున్న గోడ కాస్త పొట్టిగా ఉంటుంది.

కాబట్టి గ్రూపు సభ్యులు గమనించాలి. ఎవరూ పారిపోలేదు. ఏ నిబంధనా తప్పలేదు. మూలం లోపలే ఉంది, పేరయ్య ఒక్కడే బయటికెళ్లాడు. బజారంతా బనియన్‌తో పరుగెత్తి, డ్రమ్ము కుళాయి కిందికి లాక్కొచ్చాం. నిండింది. అంచు దాకా నిండాకే కుళాయి ఆగింది. భూలక్ష్మి పప్పులో నీళ్లు పోస్తూ, నా బనియన్ చూసి, "చొక్కా ఏదయ్యా?" అంది. "కమిటీలో ఉంది" అన్నాను.

ఇప్పటికీ అక్కడే ఉంది. మీటింగులకి అదే కూర్చుంటోంది. హాజరు కూడా వేస్తున్నారట. ప్రశ్నలడగదని కమిషనర్ గారు చాలా సంతోషంగా ఉన్నారని ఇస్రాయేలు చెప్పాడు. నేను ఇంట్లోనే ఉంటున్నాను. ఫోను మోగగానే బిందెలు పెడుతున్నాను.

సోమవారం పొద్దున హాస్టల్‌కి ఇడ్లీలు నేనే మోసుకెళ్లాను, భూలక్ష్మి చట్నీ పట్టుకుని ముందు నడిచింది. వార్డెనమ్మ కుక్కర్ మూత తీయబోతూ ఎర్ర అక్షరాలు చదివింది.

"మూలమా? ఇదేందమ్మా? దీని కథేంది?"

నేను గొంతు సవరించుకున్నాను. మొదట్నుంచీ చెబుదామని ఇందుమూలంగా అనబోయాను.

భూలక్ష్మి నా ముందుకొచ్చి మూత తీసింది. పొగలొచ్చాయి. "అక్కర్లేదులేమ్మా" అంది. "వేడి మీద తినండి."